వెనక వరస తెరలు

తెర మీద చిన్న చిన్న చుక్కలు గుండ్రంగా తిరిగాయి. కాసేపు తిరిగి ఆగిపోయాయి. ఆ తర్వాత చుక్కలూ లేవు, బొమ్మా లేదు. పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచేసినట్టు అంతా నలుపు.

"మళ్ళీ అంతే," అంది అద్దాలక్క.

"నాదీ అంతే," అంది పక్క కుర్చీలో పిన్ని. "నేనేం నొక్కలేదమ్మా, ఒట్టు."

కళ్ళద్దాల దుకాణంలో చాలాకాలం పనిచేసి, అది మూతపడ్డాక ఈ శిక్షణ కేంద్రంలో చేరింది కాబట్టి ఆమెను క్లాసులో అందరూ అద్దాలక్క అంటారు. ఆమె కళ్ళకు మాత్రం అద్దాలు లేవు. దాని మీద రోజుకొకరు జోకు వేస్తూనే ఉంటారు. పిన్ని టైలరు. క్లాసులో అందరికన్నా పెద్దది కావడంతో అందరికీ పిన్ని అయిపోయింది.

వాళ్ళు నేర్చుకుంటున్నది లినక్స్. పెద్ద పెద్ద కంపెనీల సర్వర్లు దాని మీదే నడుస్తాయట. ఉన్న కంప్యూటరును కదిలించకుండా, దాని లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటరును లేపి, అందులో లినక్స్ నడిపిస్తారు. దాన్ని వర్చువల్ మెషిన్ అంటారు. మాస్టారు ఒక ఫైలు తయారుచేసి అందరికీ ఇచ్చాడు. దాన్ని ఎక్కించి, లేపితే చాలు. "లోపలిది పాడైనా పైదానికి ఏమీ కాదు, భయపడకుండా నొక్కండి," అని మొదటిరోజే చెప్పాడు. ముందు వరసలో అమ్మాయిలు భయపడకుండా నొక్కుతున్నారు. వెనక వరసకు నొక్కడానికి ఏమీ కనిపించడం లేదు.

వెనక వరసలో ఎవరు కూర్చోవాలని ఎవరూ నిర్ణయించలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు కూర్చుంటారు, అంతే. వంట ముగించి, పిల్లల్ని దింపి, ముసలివాళ్ళకు మందులిచ్చి వచ్చేవాళ్ళే ఆలస్యంగా వస్తారు. తలుపు పక్కన, చెప్పుల స్టాండుకు ఆనుకుని ఉన్న ఆ బల్ల మీద కంప్యూటర్లు కూడా పాతవే. లేచేటప్పుడు ఆయాసపడుతున్నట్టు చప్పుడు చేస్తాయి.

మాస్టారు నడుచుకుంటూ వచ్చి, అద్దాలక్క భుజం మీదుగా చెయ్యి చాపి, నిలబడే ఏవో మీటలు టకటకా కొట్టాడు. వయసులో ఆమె తమ్ముడి కన్నా చిన్నవాడు. నలుపు నలుపుగానే ఉంది.

"ఏదో నొక్కేసుంటారండీ. తీసేసి మొదట్నుంచి ఎక్కించండి."

"ఎక్కించాను సార్. పొద్దున్నుంచీ అదే పని."

"అయితే ఇంకోసారి ఎక్కించండి. ముందు వరసలో అందరికీ వచ్చిందిగా? అదే ఫైలు, అదే పద్ధతి. మెషిన్‌కి మనుషులంటే పక్షపాతం ఉండదు కదా!"

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వకపోతే బాగుండదన్నట్టు పిన్ని కూడా నవ్వింది. అద్దాలక్క నవ్వలేదు.

మాస్టారు బోర్డు దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు. "ఇంకో మాట. వారం ఆఖరికి ఎవరి లినక్స్ లేవకపోతే వాళ్ళు పక్క గదికి మారిపోవాలి. డేటా ఎంట్రీకి. మన సెంటర్ మేడమ్ చెప్పమన్నారు. అదీ పనేనండీ, నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు."

రెండు గదులకూ మధ్య అద్దం గోడ. అవతల ఆడవాళ్ళు వరసగా తలలు వంచుకుని, ఎక్కడెక్కడి కంపెనీలవాళ్ళో పంపిన కాగితాలు చూసి కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటారు. అది కూడా శిక్షణే అంటారు. సర్టిఫికెట్ వేరు. ఒక్కరూ తల ఎత్తగా అద్దాలక్క చూడలేదు.

మర్నాడు ఆమె వచ్చేసరికి పిన్ని సంచీ సర్దుకుంటోంది. అదే వరసలో కూర్చునే ఇంకో ఇద్దరు అప్పటికే అద్దం అవతల ఉన్నారు.

"ఎక్కడికి పిన్నీ? వారం ఇంకా అయిపోలేదుగా?"

"ఎందుకమ్మా, వారం ఆఖర్న అందరి ముందూ పొమ్మనిపించుకోవడం! మనంతట మనం వెళ్తే మర్యాదగా ఉంటుంది." పిన్ని కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "నా చేతులు మిషను తొక్కడానికే పుట్టాయి. ఇవన్నీ నాకు రావు."

"నీకు రాదని ఎవరు తేల్చారు? తెర రాలేదు, అంతేగా!"

"రెండూ ఒకటే కదమ్మా," అంది పిన్ని, నిజంగానే ఒకటే అని నమ్ముతున్నట్టు. సంచీ భుజాన వేసుకుని, కుర్చీని బల్ల కిందికి జాగ్రత్తగా నెట్టి వెళ్ళిపోయింది.

వెనక వరసలో అద్దాలక్క ఒక్కతే మిగిలింది.

ఆమె మళ్ళీ ఫైలు ఎక్కించింది. చుక్కలు తిరిగాయి, ఆగాయి, నల్లబడింది. ఈసారి ఆమె నలుపును వదిలేసి దాని చుట్టూ ఉన్నదాన్ని చూడటం మొదలుపెట్టింది. లినక్స్ తెరుచుకున్న విండో అడుగున సన్నటి పట్టీలో చిన్న చిన్న గుర్తులున్నాయి. వాటిలో ఒకటి, డిస్కు గుర్తు, ఉండుండి మినుకుమంటోంది. చచ్చినదానికి మినుకెందుకు?

"సార్, ఒక్క నిమిషం."

మాస్టారు వచ్చి అలవాటుగా చెయ్యి చాపబోయాడు. ఆమె కీబోర్డు మీంచి తన చేతులు తియ్యలేదు.

"మీరు నొక్కకండి సార్. నాకు చెప్పండి చాలు. ఈ లైటు ఎందుకు వెలుగుతోంది?"

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కొంచెం చిన్నబుచ్చుకున్నట్టున్నాడు. అయినా వంగి చూశాడు. "అంటే లోపల నడుస్తోందన్నమాట. బొమ్మ మాత్రమే రావడం లేదు. కుడివైపు కంట్రోల్ పట్టుకుని ఎఫ్ త్రీ కొట్టండి. అక్షరాల తెర రావాలి."

కొట్టింది. నల్లటి తెర మీద పైన, ఎడమ మూల, తెల్లగా ఒక్క వాక్యం. పేరు చెప్పమంటోంది.

అద్దాలక్క పేరు కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టింది. లోపలికి రానిచ్చింది.

"చూశారా సార్! బతికే ఉంది."

"ఉంది కానీ, మీకు ఇలా అక్షరాలతో కష్టమండీ. రేపటి పాఠాలన్నీ బొమ్మల తెర మీదే." అప్పటికే ముందు వరసలో ఎవరో పిలుస్తున్నారు. అతను వెళ్ళిపోయాడు.

ఆమె ఆ తెల్ల అక్షరాల ముందు సాయంత్రం దాకా కూర్చుంది. మాస్టారు బోర్డు మీద రాసిపెట్టిన కమాండ్లలో పనికొచ్చేవి ఒక్కొక్కటే కొట్టి చూసింది. ఒకటి కొడితే మెషిన్ లేచినప్పటి నుంచి ఏం జరిగిందో వరసబెట్టి చెప్పుకుపోయింది. అందులో ఆమెకు అర్థమైనది తక్కువ. అయినా ఒక చోట ఆగి, వేలు పెట్టి చదివింది. బొమ్మ గీయబోయింది, కుదరలేదు, మళ్ళీ గీయబోయింది, కుదరలేదు, మానేసింది. ఇంగ్లీషులో ఉన్నా సారాంశం అదే. నువ్వేదో నొక్కావు అని మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఇంటికి వచ్చేసరికి భర్త వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆసుపత్రి క్యాంటీన్‌లో వంటవాడు. పగలంతా వందలమందికి వండి, ఇంట్లో కూడా కత్తి ఇంకొకరికి ఇవ్వడు. అత్తగారు గుమ్మం దగ్గర మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది.

"వచ్చిందా నీ బొమ్మ?" అడిగాడు.

"రాలేదు."

"పోనీ ఆ రెండో గదికే వెళ్ళరాదా? డేటా ఎంట్రీ అయినా ఉద్యోగమేగా. రోజూ ఇలా మొహం వేలాడేసుకుని రావడం ఎందుకు?"

ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి అతని పక్కన నిలబడింది. "ఉద్యోగమే. కాదన్నానా? నాకు ఇష్టమై వెళ్తే వేరు. చేతకాక పంపించారన్న మాట నెత్తిన పెట్టుకుని వెళ్ళను."

"ఎవరో అంటే ఏమైంది?"

"మీ కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటే మీరేం చేస్తారు?"

"రుచి చూస్తా."

"మరి? వాళ్ళు రుచి చూడకుండానే అన్నారు."

అతను కత్తి ఆపి ఆమెవైపు చూశాడు. గుమ్మం దగ్గర్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "అది మొండికేసిందంటే దారికి రాదురా. నాకు తెలుసు, ఇన్నేళ్ళబట్టి వేగుతున్నా. నువ్వు ఉల్లిపాయలు కానియ్."

బుధవారం మధ్యాహ్నం అందరూ డబ్బాలు తెరుచుకునే వేళకు అద్దాలక్క ముందు వరసకు వెళ్ళింది. అక్కడ మొదటి కుర్చీలో కూర్చునే పొడుగమ్మాయి క్లాసులో అందరికన్నా చురుకు. మాస్టారు అడగకముందే జవాబు చెప్పే రకం.

"ఓ పని చేసిపెడతావా? నువ్వు వెళ్ళి నా కుర్చీలో కూర్చుని మొదట్నుంచి ఎక్కించు. నేను నీ కుర్చీలో కూర్చుని ఎక్కిస్తా."

"ఎందుకక్కా?"

"ఊరికే. తప్పు నాదో, దానిదో చూద్దామని."

పొడుగమ్మాయి నోట్లో ముద్ద పెట్టుకుంటూనే వెళ్ళింది. అద్దాలక్క ముందు వరస కుర్చీలో కూర్చుని, వెనక బల్ల మీద ఎన్నిసార్లు చేసిందో అదే పని, అదే వరసలో చేసింది. చుక్కలు తిరిగాయి. ఆగాయి. తెర నీలంగా విచ్చుకుంది. పక్కన వరసగా బొమ్మలు, పైన గడియారం. ఆమెకు సంతోషం రాలేదు. వచ్చింది కోపం.

వెనక్కి తిరిగి చూసింది. పొడుగమ్మాయి ముందు నల్లటి తెర. ఆ పిల్ల చెయ్యి మౌస్ మీంచి తీసేసి, తప్పు చేస్తూ పట్టుబడినట్టు గాల్లోకి ఎత్తింది.

"నేనేం నొక్కలేదక్కా!"

గదిలో ఎవరూ నవ్వలేదు. పొడుగమ్మాయి తను అన్నమాట తనకే వినపడినట్టు ఆగి, చెయ్యి మెల్లగా దించింది. "అయ్యో," అంది. "పిన్నిగారు కూడా ఇలాగే అనేవారు కదా. నేను నవ్వాను."

"ఇప్పుడు తెలిసిందిగా. ఇంక దాని సంగతి చూద్దాం," అంది అద్దాలక్క.

ఇద్దరూ వెనక బల్ల దగ్గర కూర్చున్నారు. ముందు వరస మెషిన్ మీద లేస్తుంది, వెనకదాని మీద లేవదు. ఫైలు ఒకటే. అంటే ఈ పాత మెషిన్‌కు ఆ ఫైల్లో ఏదో పడటం లేదు. పొడుగమ్మాయి వర్చువల్ మెషిన్ సెట్టింగులు తెరిచి, "ఇదిగో, మెమరీ తక్కువుంది, పెంచుదాం. బొమ్మల మెమరీ కూడా పెంచుదాం. ఈ టిక్కు ఏంటి, ఇదీ తీసేద్దాం," అంటూ గబగబా మార్చబోయింది.

అద్దాలక్క ఆమె మణికట్టు పట్టుకుంది. "ఆగాగు. ఒక్కసారి ఒక్కటే. దుకాణంలో కళ్ళు చూసేటప్పుడు మా డాక్టరు ఒక్కో అద్దమే మార్చేవాడు. రెండూ కలిపి మారిస్తే వచ్చినాయన బాగుంది అంటాడు, ఏది బాగుచేసిందో మనకి తెలీదు."

ముందు మెమరీ పెంచారు. లేపారు. నలుపు. ఆపి, ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేశారు. నడుస్తున్నప్పుడు ఏదీ మార్చనివ్వదు. ప్రతిసారీ ఆపాలి, మార్చాలి, మళ్ళీ లేపాలి. ఆ పాత మెషిన్ లేచేలోపు మనిషి టీ తాగి రావచ్చు. బొమ్మల మెమరీ గీత మీది గుర్తును చివరిదాకా జరిపారు. నలుపు. దాన్నీ వెనక్కి జరిపారు. క్లాసు మొదలైపోయింది. పొడుగమ్మాయి తన చోటుకు వెళ్ళాల్సి వచ్చింది.

గురువారం పొద్దున అద్దాలక్క తలుపు తెరిచే మనిషితో పాటే గదిలో అడుగుపెట్టింది. ఇంట్లో డబ్బాలు సర్దే పని ఆ పూటకు భర్తకు వదిలేసి వచ్చింది. మిగిలింది ఆ టిక్కు. పక్కన త్రీడీ యాక్సిలరేషన్ అని రాసుంది. బొమ్మలు వేగంగా గీయడానికి పైకంప్యూటర్ సాయం తీసుకోమని దాని అర్థమట. సాయం చేసే ఓపిక ఈ ముసలి మెషిన్‌కు ఉంటేగా!

టిక్కు తీసింది. లేపింది. చుక్కలు తిరిగాయి. ఆగాయి. నల్లబడింది.

నలుపు అలాగే ఉంది. ఆమె కుర్చీలో వెనక్కి వాలబోతూ ఉండగా తెర ఒక్కసారి రెప్పవేసినట్టు కదిలి, నీలంగా విచ్చుకుంది.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆపి, టిక్కు మళ్ళీ పెట్టి లేపింది. నలుపు. టిక్కు తీసి లేపింది. నీలం. అప్పుడు లేచి, పిన్ని కుర్చీలో కూర్చుని ఆ మెషిన్‌లో టిక్కు తీసింది. నీలం. దాని పక్కది, ఆ పక్కది. మాస్టారు వచ్చేసరికి వెనక వరసలో ఖాళీ కుర్చీల ముందు తెరలన్నీ వెలుగుతున్నాయి.

అతను చెప్పులు విడుస్తూ, ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయాడు.

"ఏం చేశారు?"

చెప్పింది. అతను మొదటిసారి ఆమె పక్కన కూర్చుని చూశాడు.

"ఆ టిక్కు నేనే పెట్టాను. నా మెషిన్ మీద తయారుచేసి, ముందు వరసలో చూసి, బాగుందని అందరికీ అదే ఇచ్చాను. వెనక వాటి మీద ఒక్కసారి కూడా చూడలేదు." గొంతు తగ్గించి అన్నాడు: "పోయిన బ్యాచ్‌కి కూడా ఇదే ఫైలండీ. అప్పుడూ వెనక వరసే పక్క గదికి వెళ్ళింది."

అద్దాలక్క అద్దం గోడ వైపు చూసింది. అవతల తలలు వంచుకున్నవాళ్ళలో పోయిన బ్యాచ్‌వాళ్ళు కూడా ఉన్నారన్నమాట. ఎవరెవరో ఆమెకు తెలియదు.

"ఒక్కసారి కూడా అనుమానం రాలేదా సార్? అదే వరస, ప్రతిసారీ?"

"వచ్చింది," అన్నాడతను, తల దించుకుని. "ఆ గదికి మనుషులు కావాలి. మేడమ్ బయటి కంపెనీల పని ఒప్పుకున్నారు. ఇక్కడ లేవనివాళ్ళు అక్కడ సర్దుకుపోతుంటే ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు." మళ్ళీ వెంటనే అన్నాడు: "మీది వచ్చింది కదా. మీరు ఇక్కడే ఉండండి. మేడమ్‌తో నేను చెప్తాను."

"మరి వాళ్ళు?"

"ఒకసారి మారాక మళ్ళీ ఇటు తీసుకోరండీ."

అద్దాలక్క లేచింది. కుర్చీ నెట్టుకుని, తలుపు తీసుకుని, నేరుగా పక్క గదిలోకి వెళ్ళింది. ఎవరినీ అడగలేదు. పిన్ని ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో ఏవో సరుకుల చీటీలు చూసి కొడుతోంది.

"పిన్నీ, లే. నీ తెర వచ్చింది."

"ఊరుకోమ్మా. ఇక్కడ అలవాటు పడుతున్నా."

"అలవాటు తర్వాత పడుదువుగాని. ముందు వచ్చి చూడు. చూశాక నీకు ఇదే నచ్చితే ఇక్కడికే వద్దువుగాని, నేనాపను. కానీ నీకు రాదని మాత్రం వెళ్ళకు. తప్పు నీది కాదు. ఆ ఫైల్లో ఉంది. సార్ ఒప్పుకున్నాడు."

ఆ చివరి మాట ఆమె కావాలనే గట్టిగా అంది. గదిలో టకటకలు ఒకటొకటిగా ఆగిపోయాయి. తలలు లేచాయి. గోడ పక్కన కూర్చున్న ఒకావిడ, అద్దాలక్క ఎన్నడూ మాట్లాడని మనిషి, అక్కడి నుంచే అడిగింది: "ఏ వరసలో? చెప్పుల స్టాండు పక్కనా?"

"అవునండీ."

"నేను కూర్చున్నదీ అక్కడే," అందావిడ. చేతిలో కాగితం అలాగే పట్టుకుని లేచి నిలబడింది.

శుక్రవారం ఉదయం వెనక వరసలో కుర్చీ ఖాళీ లేదు. పిన్ని ఉంది, ఆ ఇద్దరు ఉన్నారు, పోయిన బ్యాచ్ ఆవిడ బల్ల చివర ఒక స్టూలు వేసుకుని ఒకరి మెషిన్‌ను పంచుకుంటోంది. పక్క గదిలో కొన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అద్దంలోంచి ఆ ఖాళీ బాగానే కనిపిస్తోంది.

కేంద్రాన్ని నడిపే మేడమ్‌కు కూడా అదే ముందు కనిపించింది. చేతిలో ఫోను, కళ్ళలో విసుగు. తలుపులోనే నిలబడింది.

"ఏంటిది? ఎవరు చెప్పారు మీకు మారమని?"

పిన్ని తన కుర్చీని బల్లకు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"పొరపాటు జరిగిందట, విన్నాను. సరే, వచ్చే బ్యాచ్ నుంచి సరిచేస్తాం. ఇప్పుడు అవతల పని ఆగిపోయింది. లేవండి, మీ చోటుకి వెళ్ళండి."

ఎవరూ లేవలేదు. అద్దాలక్క బల్ల కింద పిన్ని మోకాలి మీద చెయ్యి వేసింది. పిన్ని కళ్ళు తెర మీదే పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో కొడుతూనే ఉంది.

"మీరే కదూ వీళ్ళను తీసుకొచ్చింది?" మేడమ్ అద్దాలక్క వైపు చూసింది. "మీ చోటు మీకుందిగా. మీకేం అన్యాయం జరిగిందని?"

"నాకు జరగలేదు మేడమ్. జరగబోతే ఆపుకున్నాను. వీళ్ళకి జరిగింది."

"మాస్టారూ, మీరు చెప్పండి వీళ్ళకి."

మాస్టారు బోర్డు దగ్గర మార్కరు మూత తీస్తూ, పెడుతూ నిలబడి ఉన్నాడు. ముందు వరసలో పొడుగమ్మాయి అతన్నే చూస్తోంది. అందరూ అతన్నే చూస్తున్నారు.

"చెప్పేదేం లేదు మేడమ్," అన్నాడు చివరికి. "తప్పు నాది. వీళ్ళ చోటు ఇదే. నేను పాఠం మొదలుపెడుతున్నాను." తిరిగి బోర్డు మీద రాయడం మొదలుపెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

మేడమ్ అలాగే నిలబడింది. మీటల చప్పుడు ముందు వరసలో మొదలైంది. తర్వాత వెనక వరసలో మొదలైంది. కాస్త నెమ్మదిగా, తడబడుతూ. అయినా ఆగలేదు. ఆమె ఫోను మోగింది. చూసి, ఎత్తకుండా ఆపేసింది. తర్వాత నడుచుకుంటూ వచ్చి అద్దాలక్క వెనక నిలబడి, భుజం మీదుగా తెరలోకి వంగింది.

"ఇంతకీ ఏంటంట ఆ టిక్కు? ఒక్క టిక్కుకే ఇంతనా?"

అద్దాలక్క లేవలేదు. పక్కకు జరగలేదు. కీబోర్డు మీంచి చేతులు తియ్యకుండానే అంది:

"చూపిస్తాను మేడమ్. కుర్చీ తెచ్చుకోండి. నిలబడితే కనిపించదు."

మేడమ్ చుట్టూ చూసింది. వెనక వరసలో కుర్చీ లేదు. పక్క గదిలో ఉన్నాయి, ఖాళీగా. ఆమె అక్కడికి వెళ్ళి ఒకటి పట్టుకుంది. తలుపు గుండా దాన్ని లాక్కుంటూ వస్తుంటే, నేల మీద దాని కాళ్ళు గీసుకున్న చప్పుడు రెండు గదుల్లోనూ వినపడింది.